పిలక కోత

ఆ రోజుల్లో విశాఖలో పిల్లలు బడి గేటు దగ్గర నాలుక చాపనిదే లోపలికి అడుగు పెట్టేవారు కాదు.

ఆయా తమలపాకంత పల్చటి పట్టీని ఒక్కొక్కరి నాలుక మీదా ఆనించి తీస్తుంది. పట్టీ పచ్చగా ఉంటే పిల్లవాడు సంచీ ఎగరేసుకుంటూ లోపలికి పరిగెత్తుతాడు. నల్లబడితే గేటు పక్కన ఆగి ఉన్న తెల్ల బండి ఎక్కుతాడు. డ్రైవరు లేని ఆ బండి చప్పుడు చెయ్యకుండా కైలాసగిరి ఎక్కి, కొండమీది అద్దాలింటి ముందు ఆగుతుంది. అక్కడికి వెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారని బస్తీలో ఎవరూ అడగరు. ఆ మాట నోట్లోంచి వస్తే తమ ఇంటికే బండి వస్తుందని భయం.

జబ్బు పేరు నూగురాలు. లేత జొన్నాకు మీద ఉన్నట్టు, మన ఒంట్లో ప్రతి కణం మీదా సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగంతా చక్కెరే. కాఫీలో వేసుకునే చక్కెర కాదు. రకరకాల చక్కెరలు గొలుసులుగా, కొమ్మలు రెమ్మలుగా అల్లుకున్న నూగు అది. రక్తంలో తిరిగే కాపలా కణాలు ఆ నూగును తడిమి, 'మనవాడే' అనుకుని వదిలేస్తాయి. నూగు రాలిపోయిన రోజున సొంత కణమే పరాయిదవుతుంది. కాపలావాళ్లే ఇల్లు తగలబెడతారు. పెద్దవాళ్ల నూగు మొండిది, నిలబడింది. పిల్లలది లేతది, రాలిపోయింది.

అద్దాలింటి కింది అంతస్తులో చక్కెరలు చదివే శాస్త్రవేత్త చారుమతి. పై అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, ఆమె కొడుకు సింహాద్రి. ఏడేళ్లవాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె పైకి వెళ్లేది. తల్లికీ కొడుక్కీ మధ్య అరచెయ్యి మందం అద్దం. వాడు అద్దానికి ముక్కు ఆనించి పంది ముక్కు చేసేవాడు. ఆమె కూడా ఆనించాలి. అది వాళ్ల పలకరింపు.

"అమ్మా, నీ తీపమ్మకి లడ్డూ పెడితే ఏటంటుంది?" స్పీకరులోంచి వాడి గొంతు.

"శనగపిండి ఎక్కువైంది, చక్కెర తక్కువైంది అంటుంది."

"నాకు మందు దొరికిందా అనడుగు."

"అడుగుతున్నాన్రా. రోజూ అదే అడుగుతున్నాను."

తీపమ్మ మనిషి కాదు. ప్రభుత్వం పెట్టిన పేరు శాఖాదర్శిని. జన్యువులను చదవడం మనిషి ఎప్పుడో నేర్చాడు. ఎందుకంటే డీఎన్ఏ తిన్నగా ఉండే వాక్యం. ఆ చివర నుంచి ఈ చివరకి చదివితే అయిపోతుంది. చక్కెర అలా కాదు. అది చింతచెట్టు. ఎక్కడ కొమ్మ వేస్తుందో, ఆ కొమ్మ ఎటు మెలి తిరుగుతుందో తెలియాలి. రెండు గొలుసుల్లో అవే చక్కెరలు, అదే లెక్కలో ఉన్నా, ఒక్క రెమ్మ తిరగబడితే రెండూ వేరు. చెట్టంతటినీ ఒక్క చూపులో చదివే మొదటి యంత్రం శాఖాదర్శిని. పైగా అచ్చ తెలుగులో మాట్లాడుతుంది. దానికి తీపమ్మ అని పేరు పెట్టింది చైనా నుంచి వచ్చిన షూయింగ్.

షూయింగ్ విశాఖ వచ్చి చాలా ఏళ్లయింది. మత్స్యకారుల బస్తీలో అద్దెకుంటుంది. ఆమె తెలుగులో శాస్త్రం మాట్లాడితే పుస్తకంలా ఉంటుంది, కోపం వస్తే చేపల రేవులా ఉంటుంది. చారుమతిని అక్కా అని పిలుస్తుంది. మందు మీద ఆశ పుట్టించింది ఆమే. వాళ్ల అమ్మమ్మ ఆన్‌హుయ్ కొండల్లో ఏరి, ఎండబెట్టి దాచిన షీహు జాడీని ఊరి నుంచి తెచ్చింది.

షీహు చైనా వైద్యులు తరతరాలుగా వాడుతున్న మూలిక. కొండచరియలకూ, చెట్ల మానులకూ అతుక్కుని మన బదనికలా బతికే ఆర్కిడ్. దాని కాడలను నిప్పు సెగ మీద వేడిచేస్తూ స్ప్రింగులా చుట్టి ఆరబెడతారు. నమిలితే జిగురు. ఆ జిగురే పాలీశాకరైడ్. మానోజ్, గ్లూకోజ్ పూసలు గుచ్చిన పొడవాటి గొలుసు, అక్కడక్కడ ఎసిటైల్ ముడులు. అద్దాలింట్లో సగం జాడీ కాచి ముగ్గురు పిల్లలకు పట్టించారు. ముగ్గురికీ నూగు తిరిగి మొలిచింది. ముగ్గురూ ఇళ్లకు వెళ్లారు.

మిగిలిన సగం జాడీ చారుమతి చేతికొచ్చింది. చదవాలి. ఏ గొలుసు పనిచేసిందో పట్టుకోవాలి. అప్పుడు ఎన్ని వేలమందికైనా మందు తయారుచేయొచ్చు.

ఆమె పనిమంతురాలు. ఏ విశ్లేషకురాలైనా చేసే పనే మొదట చేసింది. నమూనాలు వేరుచేసింది. నిండుగా, బంగారు రంగులో ఉన్న చుట్టలను యంత్రానికి పెట్టింది. ముడతలు పడి, నల్లబడి, ఎండు వానపాముల్లా ఉన్నవాటిని చెడిపోయిన సరుకు కింద తీసేసి, నానబెట్టి, తూములో వదిలేసింది. చెడ్డ నమూనా లెక్కను పాడుచేస్తుందని కాలేజీలో మొదటి పాఠం. పుచ్చు వంకాయ ఏరి పారెయ్యడం లాంటిదే.

తీపమ్మ చదివింది. అచ్చం అలాంటి కాడలే చైనా గ్రీన్‌హౌసుల నుంచి పెట్టెలు పెట్టెలుగా తెప్పించారు. వాటినీ చదివింది.

"చారుమతిగారూ, జాడీలోవీ పెట్టెలోవీ ఒకటే. ఒక్క రెమ్మ తేడా లేదు."

కాచి పట్టించారు. ఒక్కరికీ గుణం కనిపించలేదు.

సింహాద్రి పంది ముక్కు చెయ్యడానికి మంచం దిగి వచ్చేవాడల్లా, మంచం మీదే ఉండి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

ఒకనాటి ఉదయం షూయింగ్ నమూనాల పళ్లెం కడుగుతూ ఆగిపోయింది. పళ్లెం అంచు మడతలో ఒక నల్లటి చుట్ట ఇరుక్కుని ఉంది.

"అక్కా, ఇదేటి ఇక్కడుంది?"

"జాడీలోది. చెడిపోయినవి కొన్ని ఉంటే తీసేశాను."

"తీసేసి?"

"తూములో వేశాను. ఏం?"

షూయింగ్ చుట్టను పళ్లెం మడతలోంచి గోటితో ఊడదీసింది. ఆ చుట్టను యంత్రంలో పెట్టింది. తీపమ్మ మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంది.

"ఇందులో కొత్త రెమ్మ ఉంది. నేనింతవరకు చదవనిది. మానోజ్ గొలుసు నుంచి వెనక్కి మెలి తిరిగిన చిన్న కొమ్మ. నూగు ఈ కొమ్మను పట్టుకునే మొలుస్తుందని నా అంచనా."

షూయింగ్ పళ్లెం పక్కన పెట్టింది. "మా అమ్మమ్మ అందరిలా కోసేది కాదక్కా. షీహు దుబ్బు పక్కన పిలక వేస్తది కదా, ముందు ఆ పిలకను కోసేసేది. కోసి ఊరుకునేది. కొన్నాళ్లకు తల్లి కాడ ముడతలు పడేది. అప్పుడు దాన్ని కోసేది. ఎందుకమ్మమ్మా అంటే, బిడ్డ పోయిన కాడలోనే మందుంటది అనేది. ముసలిదాని చాదస్తం అనుకున్నాను. నేను సైన్సు చదివినదాన్ని గదా."

"జాడీలో నిండుగా ఉన్నవి?"

"పిలక వెయ్యని దుబ్బులవి. బరువుకు కలిపి ఉంటాది."

చారుమతి తన చేతులు చూసుకుంది. తూము వైపు చూసింది. తరవాత మేడ మెట్ల వైపు చూసింది.

దొరికిన ఆ ఒక్క చుట్టా యంత్రం చదవడంలోనే కరిగిపోయింది. గ్రీన్‌హౌసులకు ఫోన్లు వెళ్లాయి. వాళ్లు పెంచేది పిలక వెయ్యని రకం. పిలకలు వేస్తే తల్లి కాడ బరువు తగ్గుతుందని తరాల కిందటే ఆ గుణాన్ని తీసేశారు. యంత్రం చేత అల్లిద్దామంటే, తీపమ్మకు చదవడం వచ్చు గానీ ఆ మెలికను అల్లడం రాదు. అల్లి నీళ్లలో వేసిన మరుక్షణం విడిపోతోంది. ప్రాణమున్న కణం అల్లితేనే నిలుస్తుంది. షూయింగ్ ఆన్‌హుయ్ వెళ్లి మూలిక కోసం జనం ఊడ్చేసిన కొండచరియలన్నీ గాలించింది. తాడు కట్టుకుని దిగి ఒక్క దుబ్బు సంపాదించింది. దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని విమానం దిగింది. అది పిలక వెయ్యాలి, పిలక ఎదగాలి, కొయ్యాలి, తల్లి కాడ ముడతలు పడాలి. ఎంత తొందరపెట్టినా మొక్క తన కాలం తాను తీసుకుంటుంది.

సింహాద్రికి అంత కాలం లేకపోయింది.

అద్దాలింట్లో తల్లికి తలుపు ఒక్కసారే తీస్తారు, లోపల ఇక కాపాడాల్సింది ఏమీ లేనప్పుడు. చారుమతి లోపలికి వెళ్లి, వాడి ముక్కుకు ముక్కు ఆనించింది. మధ్యలో అద్దం లేదు. ముక్కు చల్లగా ఉంది.

*

సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె అలవాటు ప్రకారం కొలత చుక్క పెట్టింది. పని మొదలుపెట్టే ముందు యంత్రం సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి ఎవరి రక్తపు చుక్క వాళ్లు పెట్టడం ఆ గదిలో ఆనవాయితీ.

"చారుమతిగారూ, ఈ చుక్క మీదేనా?"

"నాదే. ఎందుకూ?"

"షీహు నమూనా అంటుకుందేమోనని. ఇందులో ఆ నల్ల చుట్టలోని రెమ్మ ఉంది."

"గాజు కడిగి చూడు."

"కడిగే చెబుతున్నాను. సెలవుకు ముందు మీ చుక్కల్లో ఇది లేదు. ఇప్పుడు నిండా ఉంది."

ఆమె నిలబడిన చోటే నిలబడిపోయింది. షూయింగ్ పరుగున వచ్చి భుజం పట్టుకుంది. చారుమతి గొంతులోంచి మాట చాలా మామూలుగా వచ్చింది.

"నా దగ్గరే ఉందన్నమాట. వాడు పోతేనే ఇస్తానందన్నమాట నా ఒళ్లు."

ఆ వారమే ఆమె రక్తపు తేటను ఒక పాపకు ఎక్కించారు. పాపకు నూగు మొలిచింది. కబురు బస్తీలకు పాకింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కొండ ఎక్కి వచ్చారు. కొందరు తండ్రులూ వచ్చారు. చేతులు చాపి పడుకున్నారు. పిల్లలు ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లడం మొదలైంది. తెల్ల బండి ఎదురొస్తే జనం మొదటిసారి పక్కకు తప్పుకోకుండా నిలబడి చూశారు.

అయితే మొక్క వేరు, మనిషి వేరు. మొక్క పక్కన కూర్చుని, ఊరుకో అమ్మా అనేవాళ్లుండరు. మనిషికి చెల్లెలుంటుంది, పక్కింటావిడ ఉంటుంది, పొద్దున్నే కూత పెట్టే పాల బండి ఉంటుంది. ఒకావిడకు అన్నం రుచి తెలిసింది. ఒకావిడ మళ్లీ నీళ్లోసుకుంది. ఒకావిడ ఊరికే, ఏ కారణం లేకుండా, ఒక పూట హాయిగా నిద్రపోయింది. వాళ్ల రక్తంలో రెమ్మ పల్చబడి, మాయమైంది. వాళ్లు నేరం చేసినట్టు తల వంచుకుని కొండ దిగిపోయారు.

అప్పుడు ఆరోగ్య శాఖ ఒక సూచన పంపింది. దాతల ఇళ్లలో పాటలు పెట్టకూడదు. పోయిన పిల్లల బట్టలు, బొమ్మలు కళ్లకెదురుగా ఉంచాలి. బంధువులు దాతలను ఓదార్చకూడదు.

చారుమతి భర్త గౌరీశ్ సముద్రానికి అడ్డంగా కడుతున్న గోడ దగ్గర ఇంజనీరు. సూచన చదివి గోడకేసి కొట్టాడు.

"ఇదేం చట్టం చారూ? పెళ్లాన్ని ఓదార్చడం కూడా నేరమేనా?"

"నేరం కాదండీ. మందు పాడవుతుంది, అంతే."

"మనవాడు పోయింది చాలదా? నువ్వూ పోవాలా?"

"పైన పిల్లలున్నారు."

అతను మర్నాడు పెట్టె సర్దుకున్నాడు. "గోడ దగ్గర క్యాంపులో ఉంటాను. ఎదురుగా ఉంటే నిన్ను ఓదార్చకుండా ఉండటం నా వల్ల కాదు." గడప దాటుతూ, అలవాటుగా ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చివరికి చారుమతి ఒక్కతే మిగిలింది. ఆమె రెమ్మ పల్చబడలేదు. ఎందుకు పల్చబడలేదో ఇద్దరికే తెలుసు. మిగతా తల్లులకు దుఃఖం ఒక్కటే. ఆమెకు దుఃఖంతోపాటు తూము ఉంది. నల్లటి చుట్టలు నీళ్లతోపాటు గిర్రున తిరిగి జారిపోయిన ఆ తూము. ఆ మాట షూయింగ్ ఏనాడూ ఎత్తలేదు. గౌరీశ్‌కు కూడా తెలియదు.

వానలు వెళ్లాక ఒకరోజు షూయింగ్ మండిపడుతూ గదిలోకి వచ్చింది.

"ఈ డ్రైవరు లేని ఆటోలు తగలెయ్య! ఎక్కి కూచుంటే కదలదు. ఏటి బాబూ, నన్ను చూత్తే సైనా బొమ్మలాగున్నానా అనడిగాను."

"ఏమంది?"

"బొమ్మలు, సామాన్లు దయచేసి వెనక పెట్టండి అంది!"

చారుమతి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లోపే నవ్వు వచ్చేసింది. షూయింగ్ కూడా నవ్వబోయి, భయంగా యంత్రం వైపు చూసింది.

మర్నాడు ఉదయం తీపమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "రెమ్మ బాగా పల్చబడింది. ఈ తేట పనిచెయ్యదు."

"ఇవాళ ఎవరు?"

"మణి. ఆరేళ్ల పాప. రేపటి దాకా ఆగగలదు. ఎల్లుండి మాట చెప్పలేను."

షూయింగ్ తెచ్చిన దుబ్బు గాజు గదిలో అప్పుడప్పుడే తొలి పిలక వేస్తోంది. చారుమతి కళ్లు మూసుకుని సింహాద్రిని తలుచుకుంది. వాడి ముక్కు తలుచుకుంది. ఏడుపు కోసం తడుముకుంది. వాడు లడ్డూ గురించి అడిగిన మాటే గుర్తొచ్చింది. పెదవి మీద నవ్వు లాంటిది వచ్చి నిలిచింది. ఆమె అరచేత్తో దాన్ని తుడిచేసుకుంది.

సాయంత్రం ఆమె మెట్లు దిగుతుంటే మణి తల్లి నూకరత్నం ఎదురొచ్చింది. రేవులో చేపలు శుభ్రం చేసే మనిషి. దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటమ్మా, నవ్వుతున్నావట గదా?"

"నూకరత్నం, నేను..."

"నవ్వు. నవ్వకేటి సేస్తావు. కొడుకు మందు సేతిలో ఎట్టుకుని తూములో పారబోసీసిన దానివి నీకు ఏడుపెందుకొస్తాది? నల్లగున్నాయని పారబోసినావట! కుళ్లు సేపా, మంచి సేపా మాకు తెలుస్తాది, సదువులేనోళ్లం. నీకు తెల్దా? పైన మంచం మీద నీ గుంటడు అమ్మా అమ్మా అని సూస్తంటే, కింద నువ్వు ఆడి ప్రాణం కడిగీసినావు. అద్దానికి ముక్కెట్టినంత మాత్రాన తల్లివైపోతావా?"

చారుమతి మెట్టు మీద కూర్చుండిపోయింది. తరవాత ఎవరో ఆమెను ఇంటికి చేర్చారు. గోడకు తల కొట్టుకుంటుంటే పక్కింటివాళ్లు వచ్చారు గానీ, సూచన గుర్తొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

తెల్లారాక తీపమ్మ చెప్పింది. "నిండా ఉంది."

మణికి నూగు మొలిచింది. నూకరత్నం వచ్చి చారుమతి కాళ్ల మీద పడింది.

"కావాలనే అన్నానమ్మా. నా నోరు పడిపోను. కావాలనే అన్నాను. మా గుంట కోసరం..."

"తెలుసు, లే." చారుమతి ఆమెను లేవదీసింది. "మంచి పని చేశావు. ఒక్కటి చెప్పు. తూము సంగతి నీకెవరు చెప్పారు?"

 నూకరత్నం చూపు చారుమతి భుజం మీదుగా గది మూలకు వెళ్లింది. అక్కడ షూయింగ్ దుబ్బు ఉన్న కుండీకి నీళ్లు చిలకరిస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

నూకరత్నం వెళ్లాక షూయింగ్ వెనక్కి తిరక్కుండానే అంది. "మా అమ్మమ్మ కొడవలి నా చేతికొచ్చిందక్కా. పాపను చూశాను. నిన్ను చూశాను. ఎవరో ఒకర్ని కొయ్యాలి. నన్ను తిట్టు."

చారుమతి ఆమె పక్కకు వెళ్లి నిలబడింది. కుండీలో తల్లి కాడ పక్కన లేతాకుపచ్చ పిలక, చిటికెన వేలంత. ఆ చిగురును ఒకసారి తాకింది.

"తిట్టను. ఈసారి మాత్రం పరాయిమనిషి చేత అనిపించకు. నువ్వే అను. నీకు నా సంగతులన్నీ తెలుసు."

షూయింగ్ కుండీ అంచు పట్టుకుని ఏడ్చింది. చారుమతి ఆమెను ఓదార్చబోయి, తనకు ఓదార్చే అలవాటు కూడా తప్పిపోయిందని గమనించింది.

మణి ఇంటికి వెళ్లే రోజు మధ్యాహ్నం చారుమతి పైకి వెళ్లింది. వరండా చివర ఇంకా రెండు మంచాలున్నాయి. వాటి మీద పిల్లలు మంచం దిగలేక చేతులూపే దశలో ఉన్నారు. ఆమె వెనక షూయింగ్ సూది పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

మణి మంచం దిగి పరుగెత్తుకొచ్చింది. ఎవరు నేర్పారో, అన్ని ఊళ్ల పిల్లలకూ పుట్టుకతోనే వస్తుందో, అద్దానికి ముక్కు అదిమి పంది ముక్కు చేసింది. చేసి, ఇక నీ వంతు అన్నట్టు కళ్లు చిట్లించి చూసింది.

చారుమతి ఏడుపు కోసం ఎదురుచూసింది. ఏడుపు రాలేదు. కడుపులో ఎక్కడో, చాలాకాలం మూసి ఉన్న గది తలుపు తెరుచుకున్నట్టు, నవ్వు బయల్దేరింది. పైకి వస్తోంది. గొంతు దాకా వచ్చేసింది.

ఆమె వరండా చివరి మంచాల వైపు ఒకసారి చూసింది. గబుక్కున గోడ వైపు తిరిగిపోయింది.

"షూయింగ్, తొందరగా," అంది నుదురు గోడకు ఆనించి, చెయ్యి వెనక్కి చాపుతూ. "ఏదైనా అను."